పసుపు వ్యాను అద్దం

పోయినవారం దూదిపుల్లను కుర్చీలోంచి లేవలేని స్థితిలో వదిలేశాం. మనిషి సన్నగా ఉంటుంది, రంగు తుడిచే దూదిపుల్ల ఒకటి ఎప్పుడూ చెవిమీద ఉంటుంది, అందుకే వీధివాళ్ళంతా ఆమెను అలా పిలుస్తారు. మేడమెట్ల కింద ఇరుకు గదిలో తండ్రీకూతుళ్ళిద్దరూ పాత బొమ్మకార్లు బాగుచేస్తుంటారు. ప్లాస్టిక్ బొమ్మలు కావు, లోహం కరిగించి అచ్చులో పోసినవి, అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలిసేవి. నెరిసిన తలలవాళ్ళు కూడా వాటిని ప్రాణంలా దాచుకుంటారు. బూడిదరంగు శాలువా కప్పుకున్న ఒకావిడ అలాంటివి అట్టపెట్టె నిండా తెచ్చి, "అన్నీ శుభ్రం చెయ్యండి, ఈ ఆకుపచ్చ వ్యాను మాత్రం మీ చేత్తోనే చెయ్యాలి" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఆ వ్యాను పైకప్పు మీద ఆకుపచ్చ రంగు గోరంత లేచేసరికి కింద పసుపు కనబడింది. ఆ పసుపులో మేకుతో గీసిన మూడు గీతలు.

ఆ గీతలు లెక్కల మాస్టారి కొడుకు గీసినవి. పిల్లవాడు జ్వరంతో పోయాడు. వాడి ఆటవస్తువుల్లో మాస్టారు దాచుకున్నది ఈ బడి వ్యాను ఒక్కటే. దుమ్ము తుడిచిపెట్టమని ఈ షాపులోనే ఇచ్చారు, ఇక్కడే అది మాయమైంది. దొంగ అనిపించుకుని దూదిపుల్ల అన్నయ్య కట్టుబట్టలతో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అమ్మ పోయింది. కబురు చెబుదామంటే అతనెక్కడున్నాడో ఎవరికీ తెలియలేదు. మాస్టారు ఈనాటికీ ఈ వీధిలో అడుగుపెట్టరు, పాలకి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి వెళ్తారు.

ఆ వ్యాను ఇప్పుడు ఆమె బల్లమీద, దీపం కింద ఉంది. సాయంత్రానికల్లా శాలువా ఆవిడ వస్తానంది.

మూలన ముక్కాలిపీట మీద నాన్న కూర్చుని పళ్ళబ్రష్షుతో టైర్లు తోముతున్నాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన రంగు జోలికి పోవడం మానేశాడు. టైర్లు, అడుగురేకులు, అంతవరకే. వచ్చేపోయేవాళ్ళు ఆయన్ని పెద్దాయన అంటారు. వయసులో ఉన్నప్పుడు నిజం కార్ల షెడ్డులో రంగు వేసిన మనిషి. ఆయన రంగు వేసిన తలుపులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని చెప్పుకునేవాళ్ళు. ఆ మాట ఆయన కూడా విన్నాడు, విని మరిచిపోయే రకం కాదు.

దూదిపుల్ల వ్యానును తిరగేసింది. ఇలాంటి బండ్లకు అడుగురేకును రివెట్లు కొట్టి బిగిస్తారు. విప్పాలంటే సన్నటి డ్రిల్లుతో రివెట్ తలను కొరికెయ్యాలి. ఈ బండికి ఆ పని ఎవరో ఎప్పుడో చేసేశారు. రివెట్లు ఉండాల్సిన చోట బియ్యపుగింజంత స్క్రూలు రెండున్నాయి. తిప్పితే సుతారంగా వచ్చేశాయి. రేకు తీసింది, చక్రాలు తీసింది, పైభాగాన్ని దీపం కేసి తిప్పింది.

చక్రాల గూళ్ళలో నల్లటి పూత ఉంది.

నిజం కార్లకు అక్కడ తారులాంటి పూత వేస్తారు, రోడ్డు మీది రాళ్ళు ఎగిరి తగిలినా రేకు పాడవకుండా. బొమ్మకారు మీదికి రాళ్ళు ఎక్కణ్ణుంచి ఎగురుతాయి? అయినా పెద్దాయన తన చేతిమీదుగా వెళ్ళే ప్రతి బుల్లిబండికీ ఆ పూత వేసి తీరేవాడు. "కనబడనిచోట ఎగ్గొట్టేవాడు కనబడేచోట మాత్రం ఏం ఉద్ధరిస్తాడు?" అనేవాడు. ఇంకెవరికీ లేని పిచ్చి అది. ఆయన నుంచి కొడుక్కి అంటుకుంది. కూతురికి అంటలేదు. "చక్రం కిందికి తలపెట్టి ఎవడు చూస్తాడు నాన్నా" అని నవ్వేసి ఊరుకునేది.

ఆమె భూతద్దం దగ్గరికి లాక్కుంది. నాన్న కుంచెను ఎడమ నుంచి కుడికి లాగుతాడు, పూత కుడివైపు సన్నగా అంతమవుతుంది. ఇక్కడ అది ఎడమవైపు అంతమైంది. ఆ ఇంట్లో ఎడంచేతి వాటం ఒక్కరిదే.

అంటే అన్నయ్యే.

తీశానని అతను తనే ఒప్పుకున్నా, ఇన్నేళ్ళూ ఆమె మనసులో ఒక మూల, ఏమో, అతను తీసి ఉండడేమో అనే ఆశ దాచుకుంది. ఎందుకంటే అన్నయ్యను పట్టిచ్చింది ఆమే. "ఏదో జేబులో పెట్టుకుని వెళ్ళడం నేను చూశాను" అని ఆ రోజు మాస్టారి ముందు అన్నది ఆమే. చూసిందే చెప్పింది. అబద్ధం కాదు. అయినా ఆ మాట అన్న నోటితో ఆనాటి నుంచి సరిగ్గా అన్నం తిన్నదా అంటే అనుమానమే.

"నాన్నా, ఒకసారి ఇలా రా."

"ఏమైందే?"

"ఇది ఎవరి చెయ్యో చూసి చెప్పు."

పెద్దాయన లేచి వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, బండిని కంటి దగ్గరగా పెట్టుకున్నాడు. పైకప్పు మీది మూడు గీతల దగ్గర ఆయన వేలు ఆగింది. తర్వాత గూడులోకి చూశాడు.

"వాడిదే" అన్నాడు. కాస్త ఆగి, "పలచగా వేశాడు. బాగా వేశాడు" అన్నాడు.

దూదిపుల్లకు ఒళ్ళు మండిపోయింది. "బాగా వేశాడా? నేనేం అడుగుతున్నాను, నువ్వేం చెబుతున్నావు? అన్నయ్య నిజంగానే తీశాడు నాన్నా. తీసి, రంగు మార్చి, దాచుకున్నాడు. నేను అనవసరంగా నోరు జారానేమోనని ఇన్నేళ్ళూ కుమిలిపోయాను. అమ్మ పోయేముందు అడిగింది, 'నువ్వు సరిగ్గా చూశావా తల్లీ' అని. చూశానమ్మా అని చెప్పలేకపోయాను."

"తెలిసిందిగా ఇప్పుడు. వదిలెయ్."

"ఎలా వదిలెయ్యను?"

"వదిలెయ్యమన్నాను కదా. ఆ గోరంత చోట ఆకుపచ్చ అద్ది, మూసేసి, ఆవిడకిచ్చి పంపెయ్. కిటికీల అద్దం నల్లగా పూసేసి ఉంది చూడు, అది ఇంక దేనికీ పనికిరాదు. అవతల పారెయ్. కింది డ్రాయరులో కొత్తదుంది, అది పెట్టు."

అని పీట దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. టైరు చేతిలోకి తీసుకున్నాడు గానీ తోమడం లేదు.

దూదిపుల్ల అక్కడే నిలబడిపోయింది. ఈ షాపులో పుట్టిన దగ్గర్నుంచి ఆమె విన్న వేదం ఒక్కటే, అసలు భాగం పారెయ్యకూడదని. అద్దం పగిలినా సరే, చక్రం వంకరపోయినా సరే, బాగుచెయ్యాలి, కుదరకపోతే పొట్లంలో చుట్టి కారుతోపాటే తిరిగి ఇచ్చెయ్యాలి. ఒకసారి అరిగిపోయిన టైరు చెత్తబుట్టలో వేసిందని నాన్న ఆమె చేత బుట్టంతా బోర్లించి వెతికించాడు. అలాంటి మనిషి ఇప్పుడు చూడను కూడా చూడకుండా పారెయ్యమంటున్నాడు.

ఆమె వంగి కింది డ్రాయరు లాగింది. మరలు, ఇరుసులు, ఎండిపోయిన జిగురుగొట్టాల అడుగున, కాగితం పొట్లంలో అద్దం దొరికింది. ఒకే ముక్కగా పోసిన పారదర్శకమైన ప్లాస్టిక్కు, ముందూ పక్కలా వెనకా కిటికీలన్నీ కలిపి. బండిలోని పాత అద్దాన్ని మెల్లగా ఊడదీసి, దాని చోట దీన్ని పెట్టి చూసింది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"నాన్నా."

"ఊఁ."

"ఈ మోడలు మన షాపుకి ఆ ఒక్కసారే వచ్చింది. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. పోయిన బండికి సరిపోయే అద్దం మన డ్రాయరులో ఎందుకుంది?"

ఆయన తల ఎత్తలేదు.

"ఎవరు తెప్పించారు?"

"పాత సామాను. ఎక్కణ్ణుంచో వచ్చి ఉంటుంది."

"నువ్వు ఎక్కణ్ణుంచో వచ్చినవి దాచుకునే మనిషివి కాదు."

ఆమె ఇంక అడగలేదు. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండు చుక్కల సబ్బు కలిపి, ఊడదీసిన పాత అద్దాన్ని అందులో వేసింది. నాన్న లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "కడగకు" అన్నాడు. గట్టిగా అనలేదు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే పెత్తనం లేదు, బతిమాలుతున్నట్టుంది. ఆమెకు అదే భయం వేసింది.

అద్దం మీద పూసిన నలుపు నీటిరంగు. కాసేపటికి నాని, పొరలుగా లేచింది. ఆమె చెవిమీది దూదిపుల్ల తీసి ఒక్కొక్క కిటికీ తుడిచింది. నలుపు పోయినా వెలుగు రాలేదు. అద్దమంతా పాలు ఒలికినట్టు తెల్లగా మసకబారి, వెంట్రుకల్లాంటి పగుళ్ళతో నిండిపోయి ఉంది.

రంగును కరిగించే థిన్నరు తగిలితే ప్లాస్టిక్కు అలాగే అవుతుంది. ఆమెకు తెలుసు, ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. తగిలిన కాసేపు మెత్తబడుతుంది కూడా. ఆ మెత్తదనంలో ఏది నొక్కుకుంటే దాని ముద్ర అలాగే గట్టిపడిపోతుంది.

ముందు అద్దం మీద ఒక బొటనవేలి ముద్ర ఉంది. సగం ముద్ర. దాన్ని ఏటవాలుగా కోస్తూ ఒక గాటు.

ఆ గాటు ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. షెడ్డులో రేకు అంచు కోసుకుపోయి నాన్న కుడి బొటనవేలికి పడిన గాటు అది. చిన్నప్పుడు బడికి వెళ్ళేముందు ఆయన ఆమె గడ్డం పట్టుకుని జడ సరిచూస్తే, ఆ గాటు బుగ్గకి గరుగ్గా తగిలేది.

ఆమె అద్దాన్ని గుడ్డలో అద్ది, తీసుకెళ్ళి ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నాన్నా, చెయ్యి ఇలా ఇవ్వు."

ఆయన ఇవ్వలేదు. ఆమె తనే ఆ చెయ్యి పట్టుకుని, వణుకుతున్న బొటనవేలిని ఆ ముద్రలో ఆనించింది. గాటు మీద గాటు కూర్చుంది.

బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

"అలవాటే" అన్నాడు పెద్దాయన చివరికి. "షెడ్డులో అద్దం కనబడితే థిన్నరు గుడ్డతో ఒక్క తుడుపు. ఎన్ని వేల అద్దాలు తుడిచానో. గాజుకి ఏమీ కాదు కదా. ఆ రోజు మాస్టారి బండి తీసుకుని, ఏదో ఆలోచిస్తూ, గుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిచాను. తుడిచాక గుర్తొచ్చింది ఇది గాజు కాదని. కంగారులో వేలు నొక్కేశాను."

"అన్నయ్య చూశాడా?"

"పక్కనే ఉన్నాడు. 'నాన్నా, కంగారుపడకు. కొత్త అద్దం తెప్పిద్దాం, ఎవరికీ తెలియదు. అందాకా బండి నా దగ్గర ఉంచుతాను, మాస్టారు వస్తే వచ్చేవారం రమ్మను' అన్నాడు. జేబులో వేసుకుని వెళ్ళాడు. నువ్వు చూసింది అదే."

దూదిపుల్ల కళ్ళు మూసుకుంది.

"వాడు అటు వెళ్ళాడో లేదో మాస్టారు ఇటు వచ్చారు. కొడుకు పుట్టినరోజట, బండి ఇంట్లో ఉండాలనిపించిందట. వచ్చేవారం రమ్మని చెప్పాలి కదా. చెప్పలేకపోయాను. ఎందుకు అని అడిగితే? చూపించు అంటే? నా చెయ్యి తప్పదని ఆయనే నలుగురికీ చెప్పేవారు. నోట్లోంచి ఒక్క మాట జారింది. 'ఇక్కడే పెట్టాను, కనబడట్లేదు' అన్నాను."

"అప్పుడు నేను చూసింది చెప్పాను."

"చెప్పావు. అంతలో వాడు వచ్చాడు. 'తీశావా బాబూ' అని అడిగారు మాస్టారు. వాడు నా మొహం చూశాడు. నేను గోడకేసి చూశాను. 'తీశాను' అన్నాడు. నా మాట నిలబెట్టడానికన్నాడు. ఆయన 'మరి ఇవ్వు' అంటే, ఇస్తే అద్దం కనబడుతుంది కదా, 'లేదు, పారేశాను' అన్నాడు."

"అయితే కొట్టడం ఎందుకు నాన్నా? వీధంతా చూస్తుండగా చెంప మీద ఎందుకు కొట్టావు?"

పెద్దాయన తన చేతికేసి చూసుకున్నాడు. "కొట్టకపోతే మాస్టారికి అనుమానం వస్తుందనుకున్నాను. కొట్టాక వాడు నా కేసి ఒకసారి చూశాడు. ఇంకోసారి కొట్టినా ఊరుకునేవాడు. ఇంట్లోంచి పొమ్మన్నాను. పోయాడు. రెండు రోజుల్లో వస్తాడు, సర్దుకుంటుందిలే అనుకున్నాను. అద్దం వచ్చింది గానీ వాడు రాలేదు."

దూదిపుల్లకు ఏడుపు వచ్చింది, దానికన్నా ముందు కోపం వచ్చింది. అమ్మ ఆఖరి రోజుల్లో వీధి గుమ్మం కేసి పడుకోబెట్టమని అడిగేది. ఈ మనిషి ఆ మంచం పక్కనే కూర్చుని కూడా నోరు విప్పలేదు. ఆ మాటే అనేసింది. "అమ్మకైనా చెప్పాల్సింది. నీ కొడుకు దొంగ కాదే అని ఒక్క మాట. చెవిలో చెప్పినా సరిపోయేది."

ఆయన టైరు తీసి పీట పక్కన పెట్టాడు.

"వాడు సాక్ష్యం దాచుకున్నాడు" అన్నాడు. "కొత్త అద్దం వేసుకోవడం వాడికో లెక్కా? వెయ్యలేదు. నా వేలిముద్ర అలాగే ఉంచి, పైన నలుపు పూశాడు. ఏదో ఒకరోజు నా మొహాన కొట్టాలని."

"సాక్ష్యమైతే ఎప్పుడో చూపించేవాడు నాన్నా" అంది దూదిపుల్ల. "నిన్ను ఎవరూ చూడకూడదని నలుపు పూశాడు. నువ్వు నేర్పిన పూత వేసి మరీ మూసి పెట్టుకున్నాడు."

పెద్దాయన ఆమె చేతిలోంచి అద్దం తీసుకున్నాడు. గుప్పిట మూశాడు.

గుమ్మం దగ్గర నీడ పడింది. శాలువా ఆవిడ.

"అయిందా అమ్మా బండి?"

దూదిపుల్ల చీరకొంగుతో మొహం తుడుచుకుని లేచింది. ఏం చెప్పాలో తోచక, "కూర్చోండి" అంది. ఆవిడ కూర్చోలేదు. ఆవిడ చూపు బల్లమీద ఉంది. విప్పి పెట్టిన వ్యాను, దాని పక్కనే తళతళలాడుతున్న కొత్త అద్దం. అది చూడగానే ఆవిడ మొహంలో ఏదో ఆరిపోయింది.

"ఆయన ఒక్కటే అడిగి రమ్మన్నారు" అంది. "అద్దం మార్చారా, పాతదే ఉంచారా అని."

"ఎవరమ్మా ఆయన?" అన్నాడు పెద్దాయన.

"మా ఆయన. మీ అబ్బాయి."

దూదిపుల్ల ఆవిడ కేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. వదినన్నమాట. పెట్టె ఇచ్చిన రోజు అంతసేపు నిలబడి చెప్పి వెళ్ళింది, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు తను.

"మార్చేస్తే ఏం మాట్లాడకుండా బండి తీసుకుని వచ్చెయ్యమన్నారు" అంది ఆవిడ, ఎవరి కళ్ళలోకీ చూడకుండా. "ఇంక ఈ వీధికి పనిలేదు అన్నారు. మార్చేస్తున్నట్టున్నారు. ఫరవాలేదు, అలాగే ఇచ్చెయ్యండి."

ఆవిడ బల్లమీది వ్యాను అందుకోబోయింది. దూదిపుల్ల నోరు తెరిచింది. లేదు వదినా, మార్చలేదు, పాతది నాన్న చేతిలోనే ఉంది అనడానికి మాట నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపేసింది. ఒకనాడు ఇదే గదిలో తను చూసింది చూసినట్టు చెప్పేసింది. ఈసారి తెరవాల్సిన నోరు తనది కాదు. ఆమె పళ్ళు బిగబట్టుకుని తండ్రికేసి చూసింది. ఆయన గోడకేసి చూస్తున్నాడు.

వదిన వ్యానును శాలువా చెంగులో చుట్టుకుంది. స్క్రూలు ఏరుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది.

"అమ్మా" అన్నాడు పెద్దాయన.

ఆవిడ ఆగింది. ఆయన గోడ మీదినుంచి చూపు తిప్పుకుని, పీట మీదినుంచి లేచి, గుప్పిట విప్పాడు. మసకబారిన అద్దం ఆయన అరచేతిలో వణుకుతోంది.

"మార్చలేదమ్మా. పాతది ఇదిగో. దీన్ని పాడుచేసింది నేను. మావాడు దొంగతనం చెయ్యలేదు. నేను చేసిన తప్పు వాడు నెత్తిన వేసుకున్నాడు."

ఆ మాట ఆ గదిలో పైకి అనడం అదే మొదటిసారి. దూదిపుల్ల బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. శాలువా విప్పి వ్యానును మళ్ళీ బల్లమీద పెట్టింది. "పాతదే ఉంచితే తనను పిలవమన్నారు ఆయన. మూలమీద కారులో కూర్చున్నారు" అంది.

"నేనే వస్తాను" అన్నాడు పెద్దాయన. "వాణ్ణి ఇక్కణ్ణుంచి పంపించింది నేను. నేనే వెళ్ళి తీసుకొస్తాను." చెప్పులు కూడా వెతుక్కోకుండా గుమ్మం కేసి నడిచాడు. ఆ నడక చూస్తే దూదిపుల్లకు, చాలా ఏళ్ళ తర్వాత, నాన్న మీద ఉండాల్సిన ప్రేమే కలిగింది.

"మామయ్యగారూ, ఒక్క మాట" అంది వదిన. "కారులో ఆయనొక్కరే లేరు. లెక్కల మాస్టారిని కూడా వాళ్ళింటికి వెళ్ళి తీసుకొచ్చారు. ఎందుకు రమ్మన్నారో మాస్టారికి ఇంకా తెలియదు. 'చెప్పాల్సింది నేను కాదు' అంటారు ఈయన."

వీధి మూలన నీడపట్టున ఆగి ఉన్న కారు కిటికీ అద్దం కిందికి దిగింది. అందులోంచి ఒక ఎడమచెయ్యి బయటికి వచ్చి తలుపు మీద ఆనింది.

పెద్దాయన ఒక కాలు గడప అవతల పెట్టాడు. రెండో కాలు ఇవతలే ఉంది. చేతిలో అద్దం ఉంది.